ఎయిర్‌బాక్స్‌కి చల్లగాలి పైపు: రెండు ఎండాకాలాలు వాడాక

కారు ఇంజిన్‌కి చల్లటి గాలి అందించాలని నేను పడ్డ ఈ మొత్తం తతంగంలో నాకు బాగా నచ్చింది 180 రూపాయల స్పాంజి పట్టీ. పైపు సంగతి తర్వాత చెప్తా, దాని మీద ఇంకా కోపం తగ్గలా.

నాది ఒక లీటర్ టర్బో పెట్రోల్ కారు (టర్బో అంటే గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోసేది), రోజూ గుంటూరు నుంచి విజయవాడ వెళ్లి రావటం. రోహిణి కార్తెలో మధ్యాహ్నం బయల్దేరి కృష్ణ మీది వారధి దగ్గర ట్రాఫిక్‌లో పది నిమిషాలు ఇరుక్కుని, దారి దొరికిందని యాక్సిలరేటర్ తొక్కితే బండి అన్నం తిని పడుకున్నోణ్ణి లేపినట్టు కదిలేది. కారు సెన్సార్ల రీడింగులు చూపించే ఓబీడీ స్కానర్ పెట్టి చూస్తే బయట 43 డిగ్రీలుంటే ఎయిర్‌బాక్స్‌ (ఎయిర్ ఫిల్టర్ ఉండే డబ్బా) లోంచి పోయే గాలి 68 చూపిస్తోంది, అంటే ఇంజిన్ తన పొగ సెగ తనే పీల్చుకుంటోంది అన్నట్టు. అంత వేడి గాలికి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) నాక్ వస్తుందని, అంటే పెట్రోల్ అదుపు తప్పి మండి ఇంజిన్ కొట్టుకుంటుందని, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ వేసే సమయం) వెనక్కి లాగేస్తుంది, ఆ నీరసం అదే.

బానెట్ ఎత్తి చూస్తే విషయం తేలిగ్గానే కనపడింది. గాలి పీల్చే మూతి గ్రిల్ వెనకాల రేడియేటర్ పైన ఉంటుంది, దానికీ బానెట్‌కీ మధ్య రెండు వేళ్లు పట్టేంత సందు. బండి ఆగినప్పుడు ఇంజిన్ దగ్గర వేడంతా ఆ సందులోంచి ముందుకొచ్చి మూతిలోకే దూరుతోంది. ఆటోనగర్‌లో డోర్లకి అంటించే స్పాంజి పట్టీ కొని మూతి చుట్టూ, బానెట్ మూస్తే నొక్కుకునేలా అంటించా. అంతే. అదే ఎండ, అదే వారధి, ఆగినప్పుడు 59 దాటలేదు. ఇంకా నచ్చిందేంటంటే కదిలాక కిలోమీటరులోపే బయటి వేడికి దగ్గరగా దిగిపోతోంది, అంతకుముందు తాడేపల్లి దాటినా దిగేది కాదు.

ఇక్కడితో ఆగాల్సింది, ఆగలా. ఎయిర్‌బాక్స్ కొయ్యకుండా (వారంటీ భయం) ఫాగ్ లాంప్ పక్క ఖాళీలోంచి మూడంగుళాల అల్యూమినియం పైపు లాగి మూతికి కలిపా, పురుగులు పోకుండా చివర కిటికీలకి కొట్టే దోమల మెష్ బిగించా. ఇంకో 3 డిగ్రీలు తగ్గింది. ఆఫీసులో అందరికీ పికప్ పెరిగిందని చెప్పుకు తిరిగా. తర్వాత ఇంటర్‌కూలర్ దాటాక ఉండే సెన్సార్ రీడింగ్ చూస్తే అక్కడ తేడా ఒక్క డిగ్రీ. టర్బో నొక్కేసరికి గాలి ఎలాగూ 100 దాటిపోతుంది, దాన్ని మళ్లీ చల్లబరిచేది ఇంటర్‌కూలరే, ముందు మనం తగ్గించిన 3 డిగ్రీలు అక్కడికొచ్చేసరికి చాలావరకు కరిగిపోతాయి. 3 డిగ్రీలు తగ్గితే గాలి చిక్కదనం పెరిగేదే 1 శాతం, ఇక ఒక్క డిగ్రీకి ఏం తెలుస్తుంది. నేను పికప్ అనుకున్నది ఆ వారం వాన పడి చల్లబడటం వల్లేమో.

అసలు కథ మొన్న మార్చిలో. వారం రోజులుగా బండి బరువుగా లాగుతోంది, బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు థర్డ్‌లోకి దింపినా ఊపు లేదు, పైగా ముందునుంచి ఎవరో పళ్ల సందుల్లోంచి గాలి లాగుతున్నట్టు సన్నగా శబ్దం. మైలేజీ కూడా పడిపోయింది. చెక్ ఇంజిన్ లైట్ మాత్రం రాలేదు, అందుకే పెట్రోల్ కల్తీ అనుకుని బంకు మార్చా. ఆదివారం మా వీధి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన పైపు ఊడదీసి చూపించాడు. మెష్ కనపడట్లా, దాని మీద చెయ్యి మందాన పత్తి పింజ పరుచుకుని ఉంది, దిండు గలీబు లోపల చూసినట్టు, ఆ పింజలో మిరప తొక్కలు, గింజలు, ఎర్ర దుమ్ము. సీజన్‌లో పత్తి లారీల వెనక, మిర్చి యార్డుకి పోయే లారీల వెనక నేను రోజూ వెళ్లేవాణ్ణి కదా, అంత కిందికి దింపిన మూతి వాటి నుంచి రాలేదంతా పీల్చేసింది. ఫిల్టర్ తీసి ఆయన ఒక్కసారి టైరు మీద కొట్టాడు, ఇద్దరం ఐదు నిమిషాలు తుమ్ముతూనే ఉన్నాం. "ఏంటి సార్, పెట్రోల్ చాలక కారం పట్టిస్తున్నారా బండికి?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

కంపెనీ వాళ్లు మూతిని అంత ఎత్తున, పక్కకి తిప్పి ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమైంది. వానాకాలంలో రైల్వే అండర్‌బ్రిడ్జి నీళ్లలోకి దిగుంటే పత్తి బదులు నీళ్లు లాగేది, ఇంజిన్ పోయేది. ఆ లెక్కన నాకు చౌకలోనే తేలిపోయింది, కొత్త ఫిల్టర్ ఖర్చు, అంతే.

పైపు పీకేశా, స్పాంజి ఉంచా. స్పాంజి కూడా ఏడాదికి వేడికి గట్టిపడి పెళుసెక్కింది, ఈ ఏప్రిల్‌లో మళ్లీ మార్చా, కాబట్టి ఒకసారి అంటిస్తే అయిపోయిందని అప్పట్లో నేను ఎవరెవరికి చెప్పానో వాళ్లంతా ఒకసారి బానెట్ ఎత్తి చూసుకోండి. నాకు రోజూ ఎండలో ట్రాఫిక్, ఆ వెంటనే హైవే కాబట్టి తేడా తెలుస్తోంది, గుంటూరు లోపలే బ్రాడీపేట, అరండల్‌పేటల్లో తిరిగే బండైతే ఆ 180 కూడా దండగేమో. డీజిల్ సంగతి నాకు తెలీదు.

ఆ పైపు కావాలని మా బావమరిది అడుగుతున్నాడు. వాడిది యార్డు పక్క రోడ్డే, అందుకే ఇంకా ఇవ్వలా.