కోకోపీట్ కొనాలా, ఇంట్లోనే కంపోస్టు చేసుకోవాలా?

మిద్దెతోట మొదలుపెట్టే ప్రతి ఒక్కరికీ వచ్చే ప్రశ్నే ఇది. కోకోపీట్ అంటే కొబ్బరి పీచు తీయగా మిగిలే పొట్టు. తొట్ల మట్టిలో కలిపే పీట్ మాస్ (సగం కుళ్లిన నాచు) జోలికి మాత్రం వెళ్లకండి. చిత్తడి నేలల్లో అది ఏడాదికి ఒక మిల్లీమీటరు మందమే పేరుకుంటుంది. తవ్వేస్తే మన జీవితకాలంలో తిరిగి రాదు.

ఖర్చు: కోకోపీట్ కొనాలి. ఐదు కిలోల దిమ్మ నానితే 60 లీటర్ల దాకా అవుతుంది. కంపోస్టుకు చిల్లులు పెట్టిన పాత డ్రమ్ము చాలు. కూరగాయల తొక్కలు, ఎండుటాకులు ఊరికే దొరుకుతాయి.

శ్రమ: కోకోపీట్‌ను ఉప్పు పోయేలా రెండు మూడుసార్లు కడిగితే సరి. కంపోస్టుకు రెండు మూడు నెలల ఓపిక కావాలి. ఒక వంతు తడిచెత్తకు రెండు వంతుల ఎండుటాకులు వేసి, వారానికోసారి తిరగేయాలి. గుప్పెట్లో పిండితే ఒకటి రెండు చుక్కలే రాలాలి. ధారగా కారితే కంపు కొడుతుంది, ఇంకాస్త ఎండుటాకు కలపండి.

బలం: కోకోపీట్ తేమను పట్టి ఉంచుతుంది కానీ మొక్కకు తిండి పెట్టదు. కంపోస్టు రెండూ చేస్తుంది.

రిస్కు: సగం మాగిన కంపోస్టు. తొందరపడి వేస్తే మా వంగమొక్కల ఆకులు పసుపుబారాయి. తొలకరి మట్టి వాసన వచ్చేదాకా ఆగాల్సింది.

నారు పోయడానికి, మేడ మీద బరువు తగ్గించడానికి కోకోపీట్ మేలు. వంగ, టమాటా, ఆకుకూరల తొట్లకు నా ఓటు కంపోస్టుకే. మూడో వంతు వేసి, మిగతాది మట్టి కలపండి.