ఆల్మాలినక్స్ సర్వర్‌లో ఎపెల్ రెపో: ఐదుకు నాలుగు స్టార్లు

కొత్తగా వీపీఎస్ (అద్దెకు దొరికే వర్చువల్ సర్వర్) తీసుకున్నవాళ్ళ నుంచి నాకు తరచూ వచ్చే ప్రశ్న ఇది: "ఆల్మాలినక్స్ 9 వేశాను. హెచ్‌టాప్ ఇన్‌స్టాల్ చేద్దామంటే అలాంటి ప్యాకేజీయే లేదంటోంది, ఏంటిది?" ఆల్మాలినక్స్ అంటే రెడ్ హ్యాట్ లినక్స్‌కు సరిపోయేలా తయారయ్యే ఉచిత సిస్టమ్. సర్వర్‌లో ఏం నడుస్తోందో చూపించే హెచ్‌టాప్ ఒక్కటే కాదు, దాడి చేసే ఐపీలను ఆపే ఫెయిల్‌2బ్యాన్, వెబ్‌సైట్‌కి సర్టిఫికెట్ తెచ్చే సర్ట్‌బాట్ కూడా దొరకవు. రెపో అంటే ప్యాకేజీలు దొరికే ఆన్‌లైన్ గోదాము. డిఫాల్ట్‌గా వచ్చే రెపోల్లో బేస్‌ఓఎస్‌లో కెర్నల్, సిస్టమ్‌డీ లాంటి పునాది సరుకు ఉంటుంది. యాప్‌స్ట్రీమ్‌లో పీహెచ్‌పీ, ఎన్‌జిన్‌ఎక్స్, పోస్ట్‌గ్రెస్ లాంటివి ఉంటాయి. రెడ్ హ్యాట్ తాను సపోర్ట్ చేయగలిగినవే వాటిలో పెడుతుంది, ఆల్మా దాన్నే అనుసరిస్తుంది. మిగతా వాటికి ఫెడోరా అనే లినక్స్ ప్రాజెక్టు వాలంటీర్లు నడిపే ఎపెల్ రెపో ఉంది. పైసా ఖర్చు లేదు.

మాది విజయవాడలో చిన్న కంపెనీ. డయాగ్నస్టిక్ ల్యాబ్‌లకు రిపోర్టుల సాఫ్ట్‌వేర్ ఇస్తాం. సర్వర్లు చూసేది నేనొక్కదాన్నే. అప్పటిదాకా మేం వాడిన సెంటాస్ 7 అనే లినక్స్‌కి 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోతాయని తెలిసి, అంతకు ముందే అన్నీ ఆల్మా 9కి మార్చాం. అప్పటి నుంచి ప్రతి మెషీన్ మీదా ఎపెల్ ఉంది.

పెట్టుకోవడం తేలిక. ఆల్మాలో ప్యాకేజీలు పెట్టే, అప్‌డేట్ చేసే కమాండ్ డీఎన్ఎఫ్. 'డీఎన్ఎఫ్ ఇన్‌స్టాల్ ఎపెల్-రిలీజ్' అంటే చాలు, ఈటీసీ కింద యమ్.రెపోస్.డి ఫోల్డర్‌లో దాని ఫైల్ వచ్చి కూర్చుంటుంది. ఒకసారి తెరిచి చూడండి. మెటాలింక్ లైన్ దగ్గరలో ఉన్న మిర్రర్‌ని (రెపో కాపీ ఉన్న సర్వర్‌ని) వెతికిపెడుతుంది. ఎనేబుల్డ్ 1, జీపీజీచెక్ 1 అని ఉంటాయి, అంటే రెపో ఆన్‌లో ఉంది, ప్రతి ప్యాకేజీ సంతకం సరిచూస్తుంది. డీబగ్, సోర్స్ విభాగాలు కూడా అందులోనే ఉంటాయి కానీ ఆఫ్ చేసి ఉంటాయి, వాటి జోలికి పోనక్కర్లేదు. ఎపెల్ నుంచి మొదటి ప్యాకేజీ వేసేటప్పుడు సంతకం కీ చూపించి ఒప్పుకుంటారా అని అడుగుతుంది. చాలామంది చదవకుండానే వై కొట్టేస్తారు. ఎపెల్ 9 కీ ఐడీ 3228467సి. పోల్చి చూడటానికి పట్టేది అర నిమిషం.

నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది దీని మర్యాద. అద్దెకొచ్చి గోడకు మేకు కూడా కొట్టని మనిషి లాంటిది ఇది. బేస్‌ఓఎస్, యాప్‌స్ట్రీమ్‌లలో ఉన్న ప్యాకేజీని తన ప్యాకేజీతో మార్చకూడదన్నది ఎపెల్ నియమం. ఇదెందుకు ముఖ్యమో మా క్లయింటు ల్యాబ్ ఒకదానిలో తెలిసొచ్చింది. అక్కడ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టిన వెండార్ (పేరెందుకు లెండి) తన సొంత రెపో ఫైల్ ఒకటి జీపీజీచెక్ 0 చేసి పడేసి వెళ్ళాడు. డీఎన్ఎఫ్‌కి రెపోలన్నీ సమానమే. ప్రయారిటీ ఇవ్వకపోతే అందరికీ 99, కాబట్టి ఏ రెపోలో పెద్ద వెర్షన్ ఉంటే దాన్నే తెస్తుంది. తర్వాతి అప్‌డేట్‌లో యాప్‌స్ట్రీమ్ పీహెచ్‌పీ పోయి వాళ్ళ పీహెచ్‌పీ వచ్చింది, పొద్దున్నే రిపోర్టుల ప్రింటింగ్ ఆగింది. 'డీఎన్ఎఫ్ లిస్ట్ ఇన్‌స్టాల్డ్' కొట్టి మూడో కాలమ్ చూస్తే కథంతా బయటపడింది. ఏ ప్యాకేజీ ఏ రెపో నుంచి వచ్చిందో అక్కడ @ గుర్తుతో రాసి ఉంటుంది. 'డీఎన్ఎఫ్ హిస్టరీ అన్‌డూ'తో వెనక్కి తెచ్చాను. కొత్త సర్వర్ ఎవరైనా చేతిలో పెడితే నేను మొదట చూసేది ఆ మూడో కాలమ్‌నే.

ఇక ఒక స్టార్ ఎందుకు కోశానంటే, ముందు పాత వెర్షన్ల సంగతి. ఎపెల్‌లో కొత్త వెర్షన్ రాగానే పాతది రెపోలోంచి తీసేస్తారు. కొత్తది కుదరకపోతే డౌన్‌గ్రేడ్ చేద్దామన్నా అక్కడ ఏమీ ఉండదు. అందుకని ఆఫీసులో ఒక మెషీన్ మీద 'డీఎన్ఎఫ్ రెపోసింక్'తో లోకల్ కాపీ పెట్టాను. పాతవి డిలీట్ చేయమని చెప్పనంతవరకు అవి అందులోనే ఉంటాయి. డిస్క్ తింటుంది, నిజమే.

రెండోది ఇంకా చిరాకు. ఎపెల్ 9 ప్యాకేజీలు తయారయ్యేది రెడ్ హ్యాట్ వెర్షన్ మీద. అక్కడ కొత్త 9.x రిలీజ్ వచ్చాక, మన ఆల్మాలో అది వచ్చేలోపు కొన్ని రోజులు కొన్ని ప్యాకేజీలు 'నథింగ్ ప్రొవైడ్స్' (కావాల్సింది ఏ రెపోలోనూ లేదు) అంటూ మొరాయిస్తాయి. అప్పుడు ఫోర్స్ చేసి సర్వర్ పాడుచేసుకోవద్దు. 'నోబెస్ట్' ఆప్షన్‌తో మిగతావి అప్‌డేట్ చేసి ఊరుకుంటే ఆల్మా రిలీజ్ రాగానే అదే సర్దుకుంటుంది. ఎపెల్ 10లో చిన్న వెర్షన్లకు (10.0, 10.1 లాంటివి) విడివిడిగా బ్రాంచులు పెట్టారు, కాబట్టి అక్కడ ఈ గొడవ తగ్గాలి.

ఆల్మాలోనే ఆఫ్ చేసి ఉండే సీఆర్‌బీ అనే ఇంకో రెపో ఆన్ చేయకపోతే కొన్ని ఎపెల్ ప్యాకేజీలకు డిపెండెన్సీలు (అవి నడవడానికి కావాల్సిన వేరే ప్యాకేజీలు) దొరకవు. 'సీఆర్‌బీ ఎనేబుల్' అని ఒక్క కమాండ్, ఎపెల్-రిలీజ్ ఇన్‌స్టాల్ అయినప్పుడు అదే చెబుతుంది కూడా.

ఎపెల్‌ను ఆఫ్ చేసి పెట్టి, అవసరమైనప్పుడే 'ఎనేబుల్‌రెపో' ఆప్షన్‌తో వాడమని కొందరు సలహా ఇస్తారు. నాకది నచ్చదు. అలా చేస్తే ఫెయిల్‌2బ్యాన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చినా మన సర్వర్‌కి రాదు, వచ్చిందని తెలియదు కూడా.

రెడ్ హ్యాట్ సబ్‌స్క్రిప్షన్ కొన్న కంపెనీలు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఎపెల్ ప్యాకేజీలకు రెడ్ హ్యాట్ సపోర్ట్ ఇవ్వదు. రాత్రి రెండింటికి ఏదైనా ఆగితే టికెట్ పెట్టడానికి ఎవరూ ఉండరు, బగ్‌జిల్లా అనే బగ్ రిపోర్టుల సైట్‌లో ఫెడోరా వాళ్ళకు రాసి చూడాల్సిందే. ఈ సంగతి మీ మేనేజర్‌కి ముందే మెయిల్‌లో పెట్టండి.