టామ్రాన్ 17-70 వీసీ: చెయ్యి వణికినా, వెలుతురు చాలకపోయినా

సోనీ ఏ6400 వాడేవాళ్లకి ముందుగా చెప్పాల్సింది ఒకటుంది. ఈ కెమెరా బాడీలో స్టెబిలైజేషన్ లేదు. ఏ6600, ఏ6700లలో సెన్సరే అటూ ఇటూ జరిగి చేతి వణుకుని సర్దేస్తుంది. మన ఏ6400లో ఆ పని లెన్సే చెయ్యాలి. లెన్సులో లేదంటే ఇంక ఎక్కడా లేనట్టే. రోజూ తగిలించి ఉంచుకునే జూమ్ ఒకటి కొనాలనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకుంటే చాలు, అంగట్లో ఉన్న పేర్లలో చాలావరకు వాటంతటవే పక్కకి తప్పుకుంటాయి.

మాది నెల్లూరు. ఉద్యోగం ఆత్మకూరులో. సెలవు దొరికితే ఉదయగిరి పోతాను. అక్కడ దుర్గం కింద ఊళ్లో చెక్క చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేత్తో చెక్కే కుటుంబాలున్నాయి. ఎక్కువమంది ఆడవాళ్లే. వాళ్ల సరుకు ఫోన్లో చూపించి అమ్మేదానికి ఫొటోలు కావాలి, అవి నేను తీసిపెడతాను. ఇది కాక ఇంట్లో పిల్లలు, చుట్టాల పెళ్లిళ్లు, సాయంత్రంపూట పెన్న ఒడ్డున రంగనాథస్వామి గుడి గాలిగోపురం, ఆదివారం మైపాడు సముద్రం ఒడ్డు. లైట్లు, స్టాండు మోసుకుని తిరిగే వీలు నాకు లేదు. బస్సులో టిఫిన్ క్యారియర్ పక్కన సర్దుకునే సంచిలో ఎంత పడితే అంతే. అందుకే ఒకే లెన్సు, టామ్రాన్ వాళ్ల 17-70 జూమ్, దాంతోనే అన్నీ. ఈ అంకెలు మిల్లీమీటర్లు, చిన్న అంకె దగ్గర ఎక్కువ చోటు పడుతుంది, పెద్ద అంకె దగ్గర దూరపుది దగ్గరికొస్తుంది.

కెమెరాతో వచ్చిన 16-50 కిట్ లెన్సుని చులకన చెయ్యను. 116 గ్రాములు, చొక్కా జేబులో పడుతుంది, ఓఎస్ఎస్ కూడా ఉంది. సోనీ వాళ్ల ఓఎస్ఎస్ అన్నా, టామ్రాన్ వాళ్ల వీసీ అన్నా, కెనాన్ వాళ్ల ఐఎస్ అన్నా, నికాన్ వాళ్ల వీఆర్ అన్నా పని ఒకటే. లోపలున్న గైరో సెన్సర్లు చెయ్యి ఎటు కదిలిందో పట్టుకుంటాయి, ఒక అద్దాల గుంపు దానికి ఎదురు దిక్కుకి జరుగుతుంది, సెన్సర్ మీద బొమ్మ నిలబడుతుంది. 1995లో కెనాన్ 75-300తో ఎస్ఎల్ఆర్ లెన్సుల్లోకి వచ్చిన ఈ ఏర్పాటు ఇప్పుడు కిట్ లెన్సుల్లో కూడా ఉందంటే మనలాంటివాళ్లకి పెద్ద మేలే. అయితే ఈ కిట్ లెన్సు 50 దగ్గరికి పోయేసరికి ఎఫ్ 5.6కి దిగిపోతుంది, ఎఫ్ అంకె పెరిగితే లోపలికొచ్చే వెలుతురు తగ్గినట్టే. అసలు చిక్కు అక్కడే.

ఉదయగిరిలో చెక్కేవాళ్లు కూర్చునేది ఇంటి ముందు పంచలో, లేదా గుమ్మం లోపల. బయట ఎండ మండిపోతుంటుంది, లోపల మసక. చెంచా కాడని కాలివేళ్ల మధ్య బిగించి ఆకురాయితో గీస్తుంటారు, సన్నటి పొట్టు తొడ మీద రాలుతుంటుంది. ఆ చెయ్యి క్షణం ఆగదు. ఒక పెద్దావిడని కొంచెం ఆగమని అడిగితే, "ఆగేదానికి ఇది బొమ్మ కాదబ్బయా, చెయ్యి నిలిస్తే గీత వంకరపోతుంది" అన్నది. ఆమె చెప్పింది నిజం. ఆపి తీస్తే ఆ పని ఫొటోలో కనపడదు.

ఇలాంటి చోట స్టెబిలైజేషన్ ఒక్కటే ఉంటే సరిపోదు. ఎందుకంటే అది ఆపేది నా చేతి వణుకుని, ఆమె చేతి కదలికని కాదు. 1/15 సెకనులో తీస్తే గుమ్మం, గోడ, ఆమె ముఖం అన్నీ నిక్కచ్చిగా వస్తాయి, ఆకురాయి పట్టిన చెయ్యి మాత్రం చెదిరిపోతుంది. ఆ చెయ్యి కూడా నిలవాలంటే 1/125 అయినా ఉండాలి. ఆ పంచలో ఎఫ్ 2.8 దగ్గర ఐఎస్ఓ 1600తో అది కుదురుతుంది (ఐఎస్ఓ అంటే చాలని వెలుతురుని కెమెరా ఎంత పెంచుతుందో చెప్పే అంకె). అదే వెలుతురులో ఎఫ్ 5.6 లెన్సయితే 6400 పెట్టాలి. 6400లో చెక్క మీది సన్నటి ఈనెలు గరగరలో కలిసిపోతాయి. కొనేవాళ్లు చూసేదే ఆ ఈనెల్ని.

మరి ఎఫ్ 2.8 ఉంటే చాలదా, స్టెబిలైజేషన్ ఎందుకు అని అడుగుతారు. చాలదు. చెక్కి ఆరబెట్టిన చెంచాల వరస, గోడకి ఆనించిన పనిముట్లు, చీకటి పడ్డాక గాలిగోపురం, ఇవేవీ కదలవు. ఇక్కడ కదిలేది మన చెయ్యే. 70 దగ్గర తీసేటప్పుడు, ఏ6400లోని చిన్న ఏపీఎస్-సీ సెన్సర్ లెక్కకి అది ఒకటిన్నర రెట్లు, అంటే 105 అవుతుంది కాబట్టి, మిల్లీమీటర్లు ఎన్నో సెకనులో అన్నో వంతు వేగమైనా ఉండాలన్న పాత సూత్రం ప్రకారం 1/100 కంటే తగ్గకూడదు. చెంచాల వరసలో ముందుదీ వెనకదీ రెండూ స్పష్టంగా రావాలంటే ఎఫ్ 8 పెట్టాలి. ఎఫ్ 8కి పోతే వెలుతురు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. అప్పుడు 1/15 దాకా దిగినా బొమ్మ నిలిచిందంటే అది వీసీ పుణ్యమే. ఎఫ్ 2.8 కదిలేవాటికి, వీసీ కదలనివాటికి. రెండూ కావాలి. నా వాదన అంతా ఇదే.

ఈ లెక్కన చూస్తే ఏమేం మిగిలాయి? సిగ్మా 18-50 ఎఫ్ 2.8 ముచ్చటైన లెన్సు, 290 గ్రాములు, స్టెబిలైజేషన్ లేదు. సోనీ 16-55 ఎఫ్ 2.8 జీ ఇంకా గొప్పది, ఖరీదూ ఇంకా గొప్పదే, దాంట్లోనూ లేదు. సోనీ 18-135లో ఓఎస్ఎస్ ఉంది, 325 గ్రాములే, పగటిపూట ఊళ్లు తిరిగేవాళ్లకి దాన్ని మించింది లేదంటాను, కానీ చివర్లో ఎఫ్ 5.6. సోనీ 18-105 జీ మొదటినుంచి చివరిదాకా ఎఫ్ 4, ఓఎస్ఎస్ ఉంది, జూమ్ చేసినా పొడవు పెరగదు. వీడియోలు ఎక్కువగా తీసేవాళ్లకి అదే సరైంది. జైస్ పేరుతో వచ్చిన 16-70 ఎఫ్ 4 కూడా చూశాను. ఎఫ్ 4 అంటే నాకు ఒక స్టాపు తక్కువ, ఎఫ్ 2.8తో పోలిస్తే వెలుతురు సగమే. వీటన్నిట్లో ఎఫ్ 2.8, స్టెబిలైజేషన్ రెండూ కలిసి ఉన్నది 2021లో వచ్చిన ఈ టామ్రాన్ 17-70 ఒక్కటే.

తగిలించి చూస్తే తేడా వ్యూఫైండర్‌లోనే తెలుస్తుంది. 70 దగ్గర పెట్టి షట్టర్ సగం నొక్కండి. అప్పటిదాకా ఊగుతున్న బొమ్మ, జోకొడితే పసిబిడ్డ సద్దుమణిగినట్టు, ఒక్క క్షణం తేలి కుదురుకుంటుంది. నేనయితే ఆ కుదురుకోవడం కంటితో చూశాకే పూర్తిగా నొక్కుతాను. సగం నొక్కకుండా ఒక్కసారిగా గుద్దితే వీసీకి పట్టు దొరికేలోపే ఫొటో అయిపోతుంది.

దగ్గరగా తీసే విషయంలో ఇది నన్ను బాగా సంతోషపెట్టింది. 17 దగ్గర 19 సెంటీమీటర్ల దూరంలో ఫోకస్ పడుతుంది. ఆ దూరం సెన్సర్ నుంచి లెక్క, లెన్సు మూతి నుంచి చూస్తే ఐదారు సెంటీమీటర్లే. అంత దగ్గరికి పోతే లెన్సు నీడే చెంచా మీద పడుతుంది, కాబట్టి సరుకు ఫొటోలకి నేను 70 వాడతాను. అక్కడ 39 సెంటీమీటర్లు. చెంచా గుంట, కాడ మీది చెక్కుడు పువ్వు ఫ్రేము నిండా వస్తాయి, వెనకాల పరిచిన చాప మెత్తగా కరిగిపోతుంది. విడిగా మాక్రో లెన్సు అక్కర్లేకుండా ఆ పని జరిగిపోతోంది.

ఇక జూమ్ ఎంత కావాలన్నది. దీనికి నేను మొహరం రోజుల్లో వచ్చే రొట్టెల పండగని గుర్తు పెట్టుకుంటాను. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో నీళ్లలోకి దిగి, తలమీద కొంగో టోపీయో వేసుకుని రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సొంతిల్లు రొట్టె. కోరిక తీరినవాళ్లు తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు అందుకుంటారు. చుట్టూ జనం, కింద నీళ్లు, అందరి చేతుల్లో రొట్టెలు. అక్కడ లెన్సు మార్చడం అనే మాటే లేదు. 17లో స్నానాల ఘాట్ మొత్తం పడుతుంది, రింగు తిప్పితే 70లో ఇచ్చే చెయ్యీ పుచ్చుకునే చెయ్యీ పడతాయి. 50 దగ్గర ఆగిపోయే లెన్సుతో ఆ చేతులకోసం ఇంకో రెండడుగులు వాళ్ల మీదికి జరగాలి. మొక్కు తీర్చుకునేవాళ్ల మీదికి కెమెరా పెట్టుకుని జరగడం నాకు ఇష్టం ఉండదు. 55కీ 70కీ తేడా కాగితం మీద చిన్నది, మర్యాదగా దూరం నిలబడాలంటే చాలా పెద్దది. చీకటిపడి ఫ్లడ్ లైట్లు వేశాక కూడా ఎఫ్ 2.8 వల్ల 1/250 పట్టుకోవచ్చు.

లోట్లు లేవా? ఉన్నాయి. బరువు 525 గ్రాములు, కెమెరా కంటే లెన్సే ఎక్కువ. బాడీని ఒక్క చేత్తో పట్టుకుంటే ముందుకి వాలుతుంది, ఎడమ చెయ్యి లెన్సు కింద ఉండాల్సిందే. అలా పట్టుకోవడమే సరైన పద్ధతి కాబట్టి నాకు అలవాటైపోయింది. జూమ్ చేస్తే గొట్టం బయటికి పొడుచుకొస్తుంది. వీసీకి లెన్సు మీద మీట లేదు, కెమెరా మెనూలో స్టెడీషాట్ ఆన్, ఆఫ్ చేసుకోవాలి. నేను దాన్ని మై మెనూలో మొదటి వరసలో పెట్టుకున్నాను. స్టాండు మీద పెట్టినప్పుడు ఆపెయ్యాలి మరి, లేకపోతే లేని వణుకుని వెతుక్కుంటుంది. 17 దగ్గర నిటారు గీతలు కొంచెం ఉబ్బుతాయి. కెమెరాలో డిస్టార్షన్ కరెక్షన్ ఆన్ చేస్తే జేపెగ్ ఫొటోల్లో గోపురం అంచులు నిటారుగానే వస్తాయి. నడుస్తూ తీసే వీడియోకి ఇది గింబల్ (కెమెరాని ఊగకుండా పట్టే మోటారు పిడి) బదులు కాదు. నిలబడి తీస్తే మాత్రం చక్కగా ఉంటుంది.

నీటిచుక్కలు, తేమ లోపలికి పోకుండా రబ్బరు బిగింపులున్నాయి. అలాగని మైపాడులో అలల్లోకి తీసుకుపోవద్దు, ఏ6400కి అంత భరోసా లేదు. సముద్రం దగ్గర వాడిన ప్రతిసారీ ఇంటికొచ్చాక మెత్తటి బట్టతో బయటంతా తుడుస్తాను. ఉప్పు పొర రింగుల సందుల్లోకి చేరితే తర్వాత కరకరలాడుతుంది. ముందు అద్దం మీద ఫ్లోరిన్ పూత ఉండటంతో మరకలు తేలిగ్గా పోతాయి.

కొనేటప్పుడు చెయ్యాల్సిన పరీక్షలు చెప్తాను. ఇక్కడ నెల్లూరు ట్రంకు రోడ్డులో చూసినా, పినాకిని రైలెక్కి చెన్నై పోయి చూసినా, మీ కెమెరా, మీ మెమరీ కార్డు తీసుకుపోండి. అంగడి గుమ్మంలో నిలబడి ఎదురుగా మూసి ఉన్న షట్టర్ తలుపుని నిండుగా, నేరుగా తియ్యండి, 17లో ఒకటి, 35లో ఒకటి, 70లో ఒకటి, అన్నీ ఎఫ్ 2.8లో. ఆ ఇనుప పట్టీల గీతలు నాలుగు మూలలా ఒకేలా ఉండాలి. ఒక మూల బాగుండి దాని ఎదుటి మూల మసకగా ఉంటే లోపల అద్దం పక్కకి ఒరిగిందని అర్థం, ఆ పీసు వద్దనండి. తర్వాత లోపలికొచ్చి 70 పెట్టి, 1/15లో, స్టెడీషాట్ ఆపి కొన్ని, వేసి కొన్ని తియ్యండి. డబ్బా మీది అక్షరాలు పెద్దవి చేసి చూస్తే వీసీ పనిచేస్తుందో లేదో అక్కడే తేలుతుంది. లెన్సు చెవి దగ్గర పెట్టుకుని చూస్తే సన్నటి చప్పుడు వినపడచ్చు, అది మామూలే. జీఎస్టీ బిల్లు, మన దేశపు వారంటీ కార్డు లేకుండా తక్కువకిస్తామంటే ఆశపడకండి. వీసీ అనేది లోపల కదిలే భాగం, రిపేరు వస్తే వీధి చివర కొట్టులో అయ్యే పని కాదు.

సెకండ్‌హ్యాండ్ దొరికితే తీసుకోవచ్చు, పై పరీక్షలకి తోడు జూమ్ రింగు మొదటినుంచి చివరిదాకా ఒకే బిగువుతో తిరుగుతోందా, కెమెరాకి తగిలించే మౌంటు దగ్గరి రబ్బరు అంచు చిరగలేదా అని చూసుకోండి. హుడ్ ఉందో లేదో అడగండి, మన ఎండకి అది లేకుండా గడవదు. ఫిల్టర్ సైజు 67 మిల్లీమీటర్లు.

మీ చేతిలో ఏ6600గానీ ఏ6700గానీ ఉంటే నా మాట ఇంత గట్టిగా పట్టించుకోనక్కర్లేదు. సెన్సరే వణుకుని సర్దుతుంది కాబట్టి సిగ్మా 18-50 కొనుక్కుని 235 గ్రాముల మోత తగ్గించుకోవచ్చు. ఏ6000, ఏ6100, ఏ6300, ఏ6400 వాడేవాళ్లయితే, ఇంట్లో, గుళ్లో, పంచలో, దీపాల వెలుతురులో తీసేది ఎక్కువైతే, డబ్బులు ఇంకొన్ని నెలలు కూడబెట్టి అయినా ఇదే కొనండి.