బెంగళూరు నుంచి తిరుపతికి అల్సేషియన్: దత్తత ప్రయాణంలో దారి, బస, డాక్టర్లు

తిరుపతి, చిత్తూరుల్లో జాతి కుక్కపిల్లలు అమ్మేవాళ్లు దొరుకుతారు. ఎవరో వదిలేసిన జాతి కుక్కను చేరదీసి, వైద్యం చేయించి, తగిన ఇల్లు చూసి ఇచ్చే వాళ్ల కోసమైతే ఎక్కువగా బెంగళూరుకో చెన్నైకో పోవాల్సి వస్తుంది. బెంగళూరులో క్యూపా అనే జంతు సంరక్షణ సంస్థకు ఇలా వదిలేసిన జాతి కుక్కల కోసమే సెకండ్ ఛాన్స్ అనే కేంద్రం ఉంది. చెన్నై గిండీలో బ్లూ క్రాస్ అనే జంతు సంరక్షణ సంస్థ పనిచేస్తోంది. ఇవి కాక ఒకే జాతిని పట్టించుకునే చిన్న బృందాలున్నాయి. వాటికి కెన్నెల్, అంటే కుక్కలను గదుల్లో ఉంచే కేంద్రం, ఉండదు, కుక్కలను సభ్యుల ఇళ్లలోనే ఉంచుకుంటారు. అల్సేషియన్ అని మనం పిలిచే జర్మన్ షెపర్డ్, బోర్డర్ కోలీ, బెల్జియన్ మాలినాయ్ లాంటి మంద కాసే జాతుల విషయంలో ఈ ఇళ్ల పద్ధతే మేలు. కెన్నెల్‌లో ఆగకుండా తిరుగుతూ మొరిగే కుక్క ఇంట్లో ఎలా ఉంటుందో కెన్నెల్ వాళ్లు కచ్చితంగా చెప్పలేరు. ఇంట్లో ఉంచుకున్నవాళ్లు చెప్పగలరు.

రెండు ఊళ్లలో ఏది మంచిదంటే, వెళ్లే నెలను బట్టి ఉంటుంది. బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది, తిరుపతి దాదాపు 160. అక్కడి చల్లదనానికి అలవాటుపడిన దట్టమైన బొచ్చు కుక్కను ఏప్రిల్‌లో దింపితే మొదటి వారమే వడదెబ్బ భయం. చెన్నైలో పెరిగిన కుక్కకు మన ఎండ కొత్త కాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపలైతే బెంగళూరు, వేసవిలో తప్పదనుకుంటే చెన్నై. దీపావళి ముందు వారం, మే నెలలో గంగమ్మ జాతర రోజులు వదిలేయండి. కొత్త ఇంట్లో తొలి రాత్రే టపాకాయలో డప్పులో మోగితే గేటు దూకే కుక్కలున్నాయి. బ్రహ్మోత్సవాలప్పుడు ఊళ్లోకి కారు రావడమే కష్టం.

అసలు చిక్కు దరఖాస్తు దగ్గరే. 250 కిలోమీటర్ల అవతలి ఇంటిని చూడటానికి ఎవరూ రాలేరు కాబట్టి చాలా బృందాలు ఊరి పేరు చూడగానే వద్దంటాయి. ఆ అనుమానం తీర్చే కాగితాలు ముందే జతచేస్తే సగం పని అయినట్టే: అద్దె ఇల్లయితే యజమాని సమ్మతి లేఖ, ఇంట్లో పెద్దలందరి ఒప్పుదల, ఈ కుక్కను మేం చూసుకుంటామని తిరుపతి పశువైద్యుడి మాట, మీరు ఊళ్లో లేనప్పుడు ఎవరు చూస్తారో వాళ్ల ఫోన్ నంబరు. ఇంటిని వీడియో కాల్‌లో చూపించమంటారు. అప్పుడు హాలు కాదు, ప్రహరీ చూపించండి. నాలుగడుగుల గోడను అల్సేషియన్ అవలీలగా దాటుతుంది, కనీసం ఆరడుగులు ఉండాలి. గేటు కింది సందు, మేడమీద పిట్టగోడ ఎత్తు, రాత్రి పడుకునే చోటు కూడా అడుగుతారు. అలిపిరి వైపో, యూనివర్సిటీల వెనకో, శేషాచలం అంచున ఇల్లుంటే రాత్రిళ్లు కుక్క లోపలే పడుకుంటుందని మీరే ముందు చెప్పండి. ఆ చుట్టుపక్కల చిరుతలు తిరుగుతాయి, కట్టేసిన కుక్క వాటికి సులువైన ఎర.

ఫారంలో కొన్ని జవాబులు చూడగానే పక్కన పెట్టేస్తారు. ‘కాపలాకు’, ‘పగలంతా కట్టేసి ఉంచుతాం’, ‘ఒక్క ఈత పిల్లలు కావాలి’ లాంటివి. కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే ఇస్తారు కాబట్టి మూడోది ఎలాగూ కుదరదు. తిండి గురించి కూడా నిజమే రాయండి. శాకాహారుల ఇల్లయితే దాచాల్సిన పనిలేదు. కానీ పెరుగన్నం మీదే సాకుతామంటే ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. 30 కిలోల కుక్కకు రోజుకు సుమారు 1,400 క్యాలరీలు కావాలి, అంటే రెండు పూటలా కలిపి దాదాపు 350 నుంచి 400 గ్రాముల మంచి డ్రై ఫుడ్. బోర్డర్ కోలీకి అడిగేవాళ్లు ఇంకో ప్రశ్నకు సిద్ధపడాలి: దానికి రోజంతా ఏం పని చెప్తారు? పని లేకపోతే అది తనకు తానే పని పెట్టుకుంటుంది. పరుగెత్తే పిల్లల మడమలు పట్టుకోవడం, బైకులను తరమడం. తిరుపతి సందుల్లో ఆవులకు కొదవ లేదు, వాటిని తోలడం దాని నెత్తుటిలోనే ఉంది. నడిరోడ్డు మీద ఆ ముచ్చట ఎవరికీ మంచిది కాదు.

దత్తత రుసుము అడగడం మామూలే, టీకాలకూ ఆపరేషన్‌కూ అయిన ఖర్చులో అది కొంత. కుక్కను చూపించకుండా రవాణా కోసమని ముందే డబ్బు పంపమంటే మాత్రం అక్కడే ఆపేయండి.

కుక్కను చూడటానికి ఒకసారి, తేవడానికి ఒకసారి, రెండుసార్లు వెళ్లడమే మంచిది. ఖర్చని ఒక్కసారికి కుదించినవాళ్లు అక్కడికక్కడ జాలితో నిర్ణయం తీసుకుంటారు. మొదటిసారి కుక్కను రోడ్డు మీద నడిపించి చూడండి. వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా వేస్తోందా, లేచేటప్పుడు తడబడుతోందా చూడండి. అల్సేషియన్లలో తుంటి కీలు లోపం ఎక్కువ, అనుమానముంటే ఎక్స్‌రే అడగండి. బాగా తింటూ కూడా బక్కచిక్కి, పేడలా ఎక్కువగా విరేచనమైతే క్లోమం సమస్య కావచ్చు. దానికి జీవితాంతం ఎంజైమ్ పొడి కలపాలి, నెలనెలా ఖర్చే. పిడుదుల జ్వరానికి ఎర్లీకియా, బబీసియా రెండు పరీక్షల కాగితాలూ, ప్లేట్‌లెట్ల సంఖ్యా తీసుకోండి. రేబిస్ టీకా కార్డులో బ్యాచ్ స్టిక్కరు, తేదీ, డాక్టరు సంతకం మూడూ ఉండాలి.

కుక్కను చూసే మొదటి ప్రయాణానికి బస ఎక్కడైనా ఫరవాలేదు, మామూలు లాడ్జి చాలు. రెండోసారికే ఆలోచన కావాలి. కుక్కలను రానిచ్చే గదులు బెంగళూరులో దొరుకుతాయి. కానీ చాలాచోట్ల ఆ మాటకు అర్థం పది కిలోల లోపు కుక్కలని. బరువు పరిమితి, అదనపు రుసుము, బాల్కనీకి గ్రిల్ ఉందా, యజమానికి సొంత కుక్క ఉందా అని ఫోన్‌లోనే అడగండి. సొంత కుక్క ఉన్న హోమ్‌స్టే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కొత్త కుక్కతో మొదటి రాత్రికి మాత్రం అదే అన్నిటికన్నా చెడ్డ బస. ఇంతకీ కుక్కతో బస చేయకపోవడమే మా సలహా. కేఆర్ పురం, హోస్కోటె వైపు గది తీసుకుని మీరొక్కరే పడుకోండి. తెల్లవారుజామున కుక్కను ఎక్కించుకుంటే ఊరి ట్రాఫిక్ తగలదు, పదకొండు లోపు ఇల్లు చేరతారు. తిరుపతి లాడ్జీలు యాత్రికుల కోసం నడిచేవి, వాటిలో కుక్కకు చోటు ఆశించవద్దు.

రైలు గురించి చాలామంది అడుగుతారు. కుక్కను బోగీలో వెంట ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో ఇద్దరి కూపే గానీ నలుగురి క్యాబిన్ గానీ మొత్తం మీదే కావాలి. కూపే దొరికిందో లేదో చార్టు తయారయ్యాకే తేలుతుంది. పార్సిల్ ఆఫీసులో కుక్కను లగేజీగా బుక్ చేయాలి. చైర్ కారు, స్లీపర్, సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీల్లోకి రానివ్వరు. గార్డు బోగీలోని డాగ్ బాక్స్ ఉందిగానీ, భయస్తురాలైన కుక్కను ఆ చప్పుడులో, ఆ ఉక్కలో వేయడం దండగ. ఇంత దూరానికి కారే మేలు.

కారంటే ఎర్టిగా లాంటిది. మూడో వరుస మడిస్తే పెద్ద పంజరానికి చోటు దొరుకుతుంది, సెడాన్ డిక్కీలో పట్టదు. పంజరం లేకపోతే వెనక సీటుకు గుడ్డ పరిచి, ఛాతీ పట్టీని సీటు బెల్టుకు కట్టాలి. మెడపట్టీకి ఎప్పుడూ కట్టకూడదు, బ్రేకు వేస్తే మెడకు దెబ్బ. ట్యాక్సీ డ్రైవరుకు కుక్క సంగతి, దాని బరువు ముందే మెసేజ్‌లో రాసిపెట్టండి. తీరా వచ్చాక వద్దనేవాళ్లున్నారు, శుభ్రం చేసినందుకు అదనంగా అడిగేవాళ్లున్నారు. జంతువుల రవాణా నిబంధనలు 1978 నాటివి, వాటి ప్రకారం పశువైద్యుడి ఆరోగ్య పత్రం వెంట ఉండాలి. టీకా కార్డుతో కలిపి ముందు సీట్లో పెట్టుకోండి.

బయల్దేరడానికి ఐదారు గంటల ముందు నుంచి తిండి వద్దు, నీళ్లు కొద్దికొద్దిగా ఇవ్వచ్చు. కోలారు, ముళబాగిలు, నంగలి దాటి పలమనేరు దాకా దారి సాఫీగానే ఉంటుంది. ఆ తర్వాత మొగిలి ఘాట్ మలుపుల్లో కుక్కలు కక్కుతాయి, లారీలూ ఎక్కువే. అందుకే పలమనేరు దగ్గర పది నిమిషాలు ఆగి, నీళ్లు తాగించి ఘాట్ దిగండి. చిత్తూరు దాటాక ఎండ ముదిరితే ఇక ఆపకుండా చంద్రగిరి మీదుగా ఇంటికే. చెన్నై దారి తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా దాదాపు 140 కిలోమీటర్లు, ఘాట్ బాధ లేదు.

కొత్త కుక్కలు ఎక్కువగా తప్పించుకునేది ఆగిన చోటే. తలుపు తీసేలోపే తాడు చేతికి చుట్టుకుని ఉండాలి. రెండు తాళ్లు కట్టండి, ఒకటి ఛాతీ పట్టీకి, ఒకటి వెనక్కి లాగితే బిగిసే మెడపట్టీకి. మామూలు మెడపట్టీని అల్సేషియన్ చెవులు వెనక్కి వాల్చి క్షణంలో వదిలించుకుంటుంది.

తిరుపతిలో వైద్యానికి కొదవ లేదు. వెటర్నరీ కాలేజీ 1955 నాటిది, ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. ఎముకలు, శస్త్రచికిత్స నిపుణులు ఒకేచోట ఉండటం దాని బలం, ఫీజు తక్కువ. పొద్దున పూట రద్దీ, విద్యార్థుల గుంపు, పక్కనే ఆవులు దాని బలహీనత. బెరుకు కుక్కయితే పేరు పిలిచేదాకా కారులోనే ఏసీ వేసి ఉంచండి. మొదటి పూర్తి పరీక్ష అక్కడ, తర్వాత టీకాలూ చిన్నాచితకా జబ్బులూ సాయంత్రం తెరిచే ప్రైవేటు క్లినిక్‌లో అనుకుంటే ఇద్దరూ ఉపయోగపడతారు.

పిడుదుల దగ్గర ఒక్క జాగ్రత్త. పశువుల మందుల దుకాణంలో దొరికే ఐవర్‌మెక్టిన్ సూదిని కుక్కలకూ వేయించడం మన వైపు మామూలు. కోలీ, షెట్లాండ్ షీప్‌డాగ్ లాంటి జాతుల్లో చాలా కుక్కలకు ఎండీఆర్1 జన్యువులో లోపం ఉంటుంది, కొన్ని అల్సేషియన్లలో కూడా కనిపిస్తుంది. వాటిలో ఆ మందు మెదడుకు చేరి వణుకు, చూపు పోవడం, చివరకు కోమా దాకా వెళ్తుంది. జాతి పేరు డాక్టరుకు ముందే చెప్పి, బరువును బట్టి పిడుదులను చంపే ఫ్లూరలానర్ మాత్ర అడగండి. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే అదీ చెప్పాలి. వేసవిలో బొచ్చు గొరిగించవద్దు, అది ఎండను కూడా అడ్డుకుంటుంది. దువ్వి ఊడిన లోబొచ్చు తీసేస్తే చాలు.

ఒప్పందం మీద సంతకం పెట్టేముందు తిరిగి ఇచ్చే షరతు చదవండి. కుదరకపోతే కుక్కను ఇంకెవరికీ ఇవ్వకుండా వాళ్లకే అప్పగించాలని ఉంటుంది. తిరిగి చేర్చే కారు ఖర్చు ఎవరిదో, ఎన్ని రోజుల్లో తీసుకుంటారో అందులో రాయించుకోండి. మొదటి నెల వారానికో వీడియో అడుగుతారు, పంపండి.