500 రూపాయల ఓబీడీ డబ్బా చెప్పే మైలేజీని నమ్మొచ్చా?

కారు కంప్యూటర్ సమాచారాన్ని బయటికిచ్చే ఓబీడీ సాకెట్‌కు తగిలించే, ఆన్‌లైన్‌లో 500 రూపాయల లోపు దొరికే నీలం రంగు బ్లూటూత్ డబ్బా, ఆ సమాచారాన్ని ఫోన్‌లో చూపించే టార్క్ ప్రో యాప్. పెట్రోల్ కారుండి, సెట్టింగుల మీద ఓ పూట కూర్చునే ఓపిక ఉంటే ఈ జోడీకి పెట్టిన డబ్బు గిట్టుబాటే. తగిలించగానే కనిపించే అంకెను మాత్రం నమ్మొద్దు. డీజిల్ కారుకు మైలేజీ కోసమే అయితే అసలు కొనకండి.

డబ్బా మీద ఈఎల్ఎం327 అనే చిప్ పేరు ఉన్నా లోపలున్నది దాదాపు ఎప్పుడూ నకలే. అసలు చిప్ చేసిన కెనడా కంపెనీ ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ 2022లో మూతపడింది. అమ్మేవాళ్లు గొప్పగా రాసుకునే ‘వెర్షన్ 1.5’ను ఆ కంపెనీ ఎన్నడూ విడుదల చేయలేదు. తమాషా ఏంటంటే, నకళ్లలో 1.5 అని రాసినవే 2.1 అని రాసినవాటికన్నా నయం. 2.1 రకంలో చాలావాటికి కొన్ని ఆదేశాలు తెలియవు, కనెక్షన్ కూడా మధ్యలో తెగిపోతుంటుంది.

తగిలించడం సులువే. డాష్‌బోర్డు కింద, స్టీరింగ్ దగ్గర్లో 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. డబ్బా పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఫోన్‌తో జత చేయాలి. పాస్‌వర్డ్ 1234 గానీ 0000 గానీ అయ్యుంటుంది.

ఇక లెక్క. మామూలు కారులో ఏ సెన్సరూ ఖర్చయ్యే పెట్రోలును నేరుగా కొలవదు. ఇంజిన్ పీల్చే గాలిని బట్టి యాప్ అంచనా కడుతుంది. 14.7 గ్రాముల గాలికి 1 గ్రాము పెట్రోలు, లీటరు పెట్రోలు బరువు సుమారు 745 గ్రాములు. కాబట్టి గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ సెకనుకు ఇన్ని గ్రాములు అని చెబితే, దాన్ని 0.329తో గుణిస్తే గంటకు ఎన్ని లీటర్లో వస్తుంది. 60 కి.మీ. వేగంలో 8 గ్రాములు చూపిస్తే గంటకు 2.63 లీటర్లు, అంటే లీటరుకు 22.8 కి.మీ.

కానీ ఇప్పుడు మన బంకుల్లో పోసేది ఎక్కువగా ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌కు తక్కువ గాలి చాలు కాబట్టి ఈ20 నిష్పత్తి 13.5 దగ్గరుంటుంది, లీటరు బరువు 754 గ్రాముల దాకా వస్తుంది. గుణకం 0.354 అవుతుంది. అదే 8 గ్రాములకు మైలేజీ 21.2 మాత్రమే. పాత లెక్కతో వదిలేస్తే యాప్ మీ కారును 7 శాతం పైచిలుకు ఎక్కువ పొగుడుతుంది. దీనికి టార్క్‌లో సొంత సెన్సర్ ఒకటి చేర్చుకోవడం మేలు. ఎంఏఎఫ్ అంకెను అడిగే కోడ్ 0110 ఇచ్చి, మొదటి బైటును 256తో గుణించి, రెండో బైటు కలిపి, 100తో భాగించి, 0.354తో గుణించేలా సమీకరణం రాయాలి.

ఇక్కడే చాలామంది రెండుసార్లు సవరిస్తారు. పాత పెట్రోలుకు ట్యూన్ చేసిన కారులో ఈ20 పోస్తే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) తనంతట తనే ఎక్కువ ఇంధనం చిమ్ముతుంది. ఈ సవరణను శాతాల్లో చూపే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ +7 దాకా ఎక్కుతుంది. 0.354 పెట్టుకుని, పైగా ట్రిమ్‌నూ కలిపితే ఒకే తేడాను రెండుసార్లు లెక్కేసినట్టే. రెండింట్లో ఒకటే ఎంచుకోండి.

మన చిన్న కార్లలో చాలావాటికి ఎంఏఎఫ్ ఉండదు, ఇంజిన్‌లోకి గాలి వెళ్లే మానిఫోల్డ్‌లో పీడనాన్ని కొలిచే ఎంఏపీ సెన్సర్ ఉంటుంది. అప్పుడు ఆర్‌పీఎం, మానిఫోల్డ్ పీడనం, గాలి ఉష్ణోగ్రత, ఇంజిన్ సీసీలతో పాటు వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ (సిలిండర్లు నిజంగా ఎంత శాతం గాలితో నిండుతాయో) అనే అంచనా అంకె కూడా కావాలి. 1.2 లీటర్ల ఇంజిన్, 2000 ఆర్‌పీఎం, 40 కిలోపాస్కల్, 40 డిగ్రీలు, ఎఫిషియెన్సీ 80 శాతం అనుకుంటే గాలి సెకనుకు 7.1 గ్రాములు వస్తుంది. ఆ 80ని 85 చేశారంటే మైలేజీ 6 శాతం పడిపోతుంది. నిజానికి ఈ అంకె ఆర్‌పీఎంతో, లోడుతో మారుతుంది. యాప్‌లో ఒకే అంకె పెడతాం కాబట్టి హైవేకి సరిపోయినది ఐడ్లింగ్‌లో ఖర్చును ఎక్కువ చూపిస్తుంది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో చూసే అంకెను అందుకే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

ఇంకో చిక్కు ఉంది. గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు ఆగిపోతాయి, గాలి మాత్రం లోపలికి పోతూనే ఉంటుంది. యాప్ ఆ గాలికీ పెట్రోలు లెక్క రాస్తుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఇది బాగా కనిపిస్తుంది. ఒక్కోసారి ఈ తప్పూ, ఈ20 తప్పూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని అంకె సరిగ్గా వచ్చేస్తుంది కూడా!

డీజిల్‌లో గాలికీ ఇంధనానికీ స్థిరమైన నిష్పత్తే ఉండదు, గాలి ఎప్పుడూ అవసరాన్ని మించే ఉంటుంది. అందుకే ఈ పద్ధతి అక్కడ పారదు. ఇంధన ఖర్చును అడిగే 015ఈ కోడ్‌కు ఈసీయూ జవాబిస్తే గంటకు లీటర్లు నేరుగా వస్తాయి. ఇవ్వని కార్లు బోలెడు. సీఎన్‌జీకి లీటర్లు వద్దు, నిష్పత్తి 17.2 చొప్పున ఎంఏఎఫ్‌ను 0.209తో గుణించి గంటకు కిలోల్లో చూసుకోండి.

సరిచూసుకోవడానికి ట్యాంకే కొలబద్ద. పంపు తొలిసారి ఆగేదాకా నింపించి, కనీసం 300 కి.మీ. తిరిగి, అదే బంకులో అదే పంపు దగ్గర మళ్లీ తొలి కట్ దాకా పోయించండి. బిల్లులో ఉన్న లీటర్లను యాప్ లెక్కేసిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే మీ సవరణ గుణకం. క్షణక్షణం కనిపించే మైలేజీల సగటు తీయొద్దు. మొత్తం దూరాన్ని మొత్తం లీటర్లతో భాగించాలి. తెర మీద నాలుగైదు సెన్సర్లకు మించి పెట్టొద్దు. డబ్బా ఒక్కో ప్రశ్నకూ జవాబు వచ్చాకే తర్వాతిది అడుగుతుంది, ఎక్కువైతే వేగమూ గాలీ వేర్వేరు క్షణాలవి అయిపోతాయి.

16వ పిన్నుకు కారు ఆపేసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. ఈ చవక డబ్బాల్లో చాలావాటికి నిద్రపోవడం తెలియదు. ఊరెళ్లే ముందు పీకేయండి.