గరిటె గీయమంటే చట్టి గీశారు: నెల్లూరులో ఒక డిజైన్ వర్క్‌షాప్

నెల్లూరులోని ఒక శిక్షణ కేంద్రం డిజైన్ విద్యార్థులకు రెండు రోజుల పాత్రపోషణ వర్క్‌షాప్ నిర్వహిస్తోందని తెలిసి, మా కళాశాల నుంచి 14 మందిని వెంటబెట్టుకుని వెళ్ళాను. మధ్యాహ్న భోజనంతో కలిపి ఒక్కొక్కరికి 1,200 రూపాయల రుసుము. పాత్రపోషణ అనగానే నాకు కళాశాల వార్షికోత్సవంలో వేసే నాటికలే గుర్తుకొస్తాయి గనుక, పెద్దగా ఆశ పెట్టుకోలేదు.

మొదటి రోజు ఇచ్చిన పని చూడటానికి చిన్నదే: ఉదయగిరి కొయ్య గరిటెల వంటి గరిటెకు, వయసు మళ్ళిన ఇల్లాలి చేతికి అనువైన పిడిని రూపొందించాలి. మా పిల్లలు వెంటనే పెన్సిళ్ళు తీయగా, శిక్షకురాలు వాటిని పక్కన పెట్టించి, ప్రతి జట్టులోనూ ఒకరిని అత్తగారుగా, ఒకరిని కోడలుగా, మిగిలినవారిని మౌనంగా చూసి రాసుకునేవారుగా నియమించారు. అత్తగారి వేళ్ళ కణుపులకు ప్లాస్టర్ చుట్టి, చెవుల్లో దూది పెట్టి, కళ్ళద్దాలకు వ్యాజలైన్ పూశారు. అమెరికన్ డిజైనర్ పాట్రీషియా మూర్ 1979లో, ఇరవై ఆరేళ్ళ వయసులో, కీళ్ళు వంగకుండా కట్లు కట్టుకుని, చూపును మసకబరచుకుని, వృద్ధురాలి వేషంలో సుమారు మూడేళ్ళ పాటు వందకు పైగా నగరాలు తిరిగిన సంగతిని అప్పుడే చెప్పారు. ఉపన్యాసంలో విని ఉంటే మా పిల్లలు దానిని రాసుకుని మరచిపోయేవారు. వేళ్ళకు ప్లాస్టర్ ఉన్నప్పుడు విన్నారు గనుక అది తమ గురించే చెప్పినట్లు విన్నారు.

పొయ్యి మీద మట్టిచట్టి, అందులో చింతపండు నీళ్ళు, చేపలకు బదులు అరటికాయ ముక్కలు. కోడలు పాత్రలోని అబ్బాయి గరిటె పెట్టబోగానే, అత్తగారైన అమ్మాయి ఎవరూ నేర్పకుండానే "గరిటె పెట్టబాకమ్మా, ముక్క చెదిరిపోద్ది" అన్నది. నిజమే. మన ఇళ్ళలో ముక్కలు పడ్డాక పులుసును కలపరు, చట్టిని మసిగుడ్డతో రెండు వైపులా పట్టుకుని తిప్పుతారు. ఆ అమ్మాయి అలా తిప్పబోతే వంగని వేళ్ళలోంచి గుడ్డ జారింది, చట్టి ఒరిగింది, నీళ్ళు నేల మీద పడ్డాయి. అవసరం గరిటె పిడికి కాదు, చట్టి అంచుకు అని ఆ జట్టుకు తెలియడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. సాయంత్రానికి ఆరు జట్లలో నాలుగు చట్టి అంచులనూ చెవులనూ గీశాయి. ఒక జట్టు మాత్రం పట్టు వదలక పప్పుగరిటె దగ్గరే ఆగిపోయింది. వారి పిడి కూడా బాగానే ఉందని ఒప్పుకోవాలి.

రెండో రోజు విషయం బస్టాండు విచారణ కౌంటరు, శిక్షకుడు వేరొకరు. పాత్రల చీటీలన్నీ ఇంగ్లీషులో ముద్రించి ఉండటంతో పిల్లలు సగం సమయం వాటిని చదివి అర్థం చేసుకోవడానికే వెచ్చించారు. చదువురాని రైతు పాత్ర దక్కిన అబ్బాయి సినిమా హాస్యనటుడిలా యాసను సాగదీసి మాట్లాడితే గది అంతా నవ్వింది. తల్లిదండ్రులు వేలిముద్ర వేసేవారైన ఇద్దరు పిల్లలు నవ్వలేదని నేను గమనించాను, శిక్షకుడు గమనించలేదు. యాస అనుకరించమనే బదులు, గదిలో ఎవరికీ రాని లిపిలో బోర్డులు రాసి, ఉదయగిరి బస్సు ఎక్కడ ఆగుతుందో కనుక్కోమంటే, ఆ తడబాటు అందరికీ సమానంగా అందేది. పైగా, పాత్ర దిగాక జరగవలసిన చర్చను పావుగంటలో ముగించారు. ఎవరేమి చేశారు, ఎక్కడ చెయ్యి ఆగింది, ఎందుకు ఆగింది అని పాత్రధారులనూ చూసినవారినీ విడివిడిగా అడిగే ఆ చర్చ లేకపోతే మిగిలేది వినోదమే. నటించినవారిని పాత్రలోంచి బయటకు తెచ్చే పద్ధతిని రెండు రోజుల్లోనూ పాటించలేదు. మొదటి రోజు నటించిన అమ్మాయిని తరగతిలో ఇప్పటికీ "అత్తగారూ" అనే పిలుస్తున్నారు.

మొదటి రోజుకు నేను ఇచ్చే రుసుము పూర్తిగా గిట్టుబాటే. వచ్చే బ్యాచ్‌ను పంపాలని ఉండి, ఆ ఒక్క రోజుకే సగం రుసుముతో చేర్చుకుంటారా అని ఫోనులో అడిగాను. రెండు రోజులూ కలిపే ఇస్తామన్నారు.