జేబు నిఘంటువు: కుట్టు గట్టిదే, ‘సీడ్’ దగ్గరే తేడా

మనవడు గ్రూప్స్‌కి చదువుతున్నాడని మొన్న కాకినాడ మెయిన్ రోడ్డులో ఇంగ్లీషు-తెలుగు జేబు నిఘంటువు ఒకటి కొన్నానండి. 180 రూపాయలు. వేసినవాళ్ల పేరు రాయను. అక్షరం పెద్దది, నాకు కళ్లజోడు లేకుండానే కనపడుతోంది. కుట్టు గట్టిగా ఉంది.

తేడా వచ్చింది ‘సీడ్’ దగ్గర. విత్తనం కాదండోయ్! సినిమావాళ్లు ‘సీడెడ్ కలెక్షన్లు’ అంటారే, ఆ సీడ్ (cede). దానికెదురుగా ‘లొంగిపోవు’ అని ఒక్కటే అర్థం. వీడు నమ్మేసి, ‘ఫ్రాన్సు యానాంను భారత్‌కు లొంగిపోయింది’ అని రాసుకొచ్చాడు. యానాంలో ఉండే మా వియ్యంకుడు గారు చదివి ఒకటే నవ్వు.

అమలాపురంలో ముప్పయ్యేళ్లు దస్తావేజులు రాసినవాణ్ణి. మా భాషలో ఈ సీడ్‌ని దఖలు పరచడం అంటాం, అంటే రాసిచ్చి స్వాధీనం చేయడం. లొంగేది మనిషి, దఖలు పడేది భూమి. ఇక్కడ రాసిచ్చేది ఒక రాజ్యం, పుచ్చుకునేది ఇంకో రాజ్యం, అంతే తేడా. యానాం సంగతే చూడండి. 1954 నవంబరు 1న పాలన మన చేతికొచ్చింది. ఒప్పందం మీద సంతకాలు 1956 మే 28న. ఫ్రాన్సు పార్లమెంటు ఆమోదం పడి, పత్రాలు మార్చుకునేసరికి 1962 ఆగస్టు 16. స్వాధీనం ముందు, అగ్రిమెంటు తర్వాత, రిజిస్ట్రేషన్ ఎప్పుడో! మా కోనసీమలో కొబ్బరితోటల బేరాలు సగం ఇలాగే నడుస్తాయి.

పాతవాళ్లు దీన్నే ‘దత్తం’ అన్నారు. 1800లో ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం బళ్లారి, కడప వైపు సీమ ఆ కంపెనీకి రాసిచ్చేస్తే అవి దత్త మండలాలయ్యాయి. ఆ పేరు గిట్టక 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పెట్టుకున్నారు. డిస్ట్రిబ్యూటర్లు మాత్రం ఇప్పటికీ సీడెడ్‌ని వదల్లేదు. ఆ మాటకొస్తే మన రాజమండ్రి సర్కారూ (అప్పట్లో జిల్లా లాంటిది) 1766లో నిజాం కంపెనీకి రాసిచ్చిందే. మనకెందుకో ఆ పేరు అంటలేదు.

‘అప్పగించు’ అని వేసినా సరిపోయేది. నాకైతే ఆ మాట వింటే మా అమ్మాయి పెళ్లి అప్పగింతలే కళ్లముందుకొస్తాయి.

షాపతను మంచివాడు, వెనక్కి తీసుకుంటానన్నాడు. నేనే ఇవ్వలేదు. కోర్టు మాటలు, వంటింటి మాటలు బాగానే ఇచ్చారు. ‘సెసీడ్’ (secede)కి ‘విడిపోవు’ అని సరిగ్గానే ఉంది. ఐదుకి మూడు మార్కులు. సీడ్ పక్కన పెన్నుతో ‘దఖలు పరచు, దత్తం చేయు’ అని రాసి మనవడి చేతిలో పెట్టాను.